చదువుకునే వారం ఖరీదు: లండన్‌లో బాబాసాహెబ్, భన్‌పురిలో మన పిల్లలు

(రాయ్‌పూర్ నగరం భన్‌పురిలో తెలుగు కుటుంబాలు, విద్యార్థులు కలిసి జరుపుకున్న అంబేడ్కర్ జయంతి సభలో చేసిన ప్రసంగ పాఠం. ప్రచురణ కోసం స్వల్పంగా సవరించాం.)

  

జయంతి సభల్లో బాబాసాహెబ్ డిగ్రీల జాబితా చదవడం మనకు అలవాటు. ఎం.ఏ., పిహెచ్.డి., ఎం.ఎస్సీ., డి.ఎస్సీ., బార్-ఎట్-లా. చదవాలి కూడా. మనల్ని అక్షరానికి దూరంగా ఉంచినవాళ్ల ఎదుట ఆ జాబితా గట్టిగానే చదవాలి. కానీ జాబితాలో ఖర్చు కనిపించదు. ఆ డిగ్రీ వెనక ఎన్ని వారాలు గడిచాయో, ఒక్కో వారానికి ఎంతయిందో, అది ఎవరి జేబులోంచి వచ్చిందో కనిపించదు. అందుకని ఈ రోజు నేను ఒక వారం గురించి మాట్లాడతాను. 1921లో లండన్‌లో చదువుకుంటున్న ఒక ముప్ఫై ఏళ్ల విద్యార్థి వారం. ఆ ఏడు రోజులు ఏం తిన్నాడు, ఎక్కడ పడుకున్నాడు, డబ్బు ఎవరిచ్చారు, ఏ నాణెంలో ఇచ్చారు, ఏ విషయం మీద చదవనిచ్చారు? ఈ ప్రశ్నలే ఇవాళ విదేశీ చదువుకు బయలుదేరే మన పిల్లల ముందు కూడా ఉన్నాయి.

ముందు కాస్త నేపథ్యం. 1913లో బరోడా సంస్థానం ఆయనకు నెలకు 11.5 పౌండ్ల చొప్పున మూడేళ్ల స్కాలర్‌షిప్ ఇచ్చింది. న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివారు. 1916లో లండన్ వచ్చి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోనూ, బారిస్టరు చదువుకు గ్రేస్ ఇన్‌లోనూ చేరారు. 1917లో స్కాలర్‌షిప్ గడువు అయిపోయింది. చదువు సగంలో ఉంది. నాలుగేళ్లలోగా తిరిగి వచ్చి పూర్తి చేసుకోవచ్చని అనుమతి తీసుకుని ఓడ ఎక్కారు. వేరే ఓడలో వేసిన ఆయన పుస్తకాలు, సామాన్లు యుద్ధంలో టార్పెడో దెబ్బకు సముద్రంలో మునిగాయి. బరోడాలో ఉద్యోగంలో చేరితే ఉండటానికి గది దొరకలేదు. పార్సీల సత్రం నుంచి వెళ్లగొట్టారు. కొలంబియాలో చదివి వచ్చిన మనిషికి ఊళ్లో అద్దె ఇల్లు లేదు.

1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్ ఉద్యోగం వచ్చింది. నెలకు 450 రూపాయల జీతం. అందులో కొంత ఇంటికిచ్చి మిగిలింది దాచారు. స్నేహితుడు నవల్ భథేనా దగ్గర 5,000 రూపాయలు అప్పు తీసుకున్నారు. కొల్హాపూర్ షాహూ మహారాజు సాయం చేశారు. 1920 జనవరిలో 'మూక్‌నాయక్' పత్రిక మొదలుపెట్టి, ఆ జూలైలో మళ్లీ లండన్ ఓడ ఎక్కారు. ఈసారి స్కాలర్‌షిప్ లేదు. దాచుకున్న జీతం, స్నేహితుడి అప్పు, ఒక రాజు సాయం. ఆయన లండన్‌లో చదివిన ప్రతి వారమూ ఈ మూడింటిలోంచి తీసిందే.

ఇక ఆ వారంలోకి వెళదాం. ధనంజయ్ కీర్ రాసిన జీవిత చరిత్రలో ఆ దినచర్య ఉంది. పొద్దున్నే లేవడం. ఇంటి యజమానురాలు పెట్టే ఒక రొట్టె ముక్క, చిన్న చేప ముక్కో జామో, కప్పు టీ. తర్వాత బ్రిటిష్ మ్యూజియం గ్రంథాలయానికి నడక. ఛార్జీ డబ్బులు మిగలాలి కాబట్టి నడకే. తలుపు తెరిచే వేళకు అక్కడ ఉండి, సాయంత్రం మూసేదాకా కదలకుండా చదవడం. మధ్యాహ్నం సరైన భోజనం ఉండేది కాదు. రాత్రి మళ్లీ గదిలో చదువు. ఆకలేస్తే వేడి నీళ్లలో కలుపుకున్న మాంసపు సారం, రెండు బిస్కెట్లు, ఎవరో ఇచ్చిన అప్పడాలు కాల్చుకుని తినడం. గదిలో తోడు ఉన్న అస్నోడేకర్ అర్ధరాత్రి లేచి చూస్తే ఈయన ఇంకా చదువుతూనే ఉండేవారట. ఇంకెంతసేపు, పడుకోమని ఆయన చెబితే, తిండికి డబ్బు లేదు, నిద్రకు టైము లేదు, కోర్సు త్వరగా పూర్తి చేయాలి అన్నది ఈయన జవాబు సారాంశం.

ఈ కథను మనం కష్టపడి చదవండి అని పిల్లలకు నీతి చెప్పడానికి వాడుతుంటాం. నేను దాన్ని వేరేగా చదవమంటున్నాను. రాత్రిళ్లు నిద్ర లేకుండా చదవడం ఆయన స్వభావం మాత్రమే అనుకుంటే పొరపాటు. అది లెక్క. లండన్‌లో ఉన్న ప్రతి అదనపు వారానికీ అద్దె కట్టాలి, తిండి కొనాలి. అప్పు పెరుగుతుంది. అందుకే మూడు వారాల పని ఒక వారంలో కుక్కాలి. డబ్బున్న ఇంటి నుంచి వచ్చిన భారతీయ విద్యార్థులు అదే లండన్‌లో నాటకాలు చూశారు, విందులకు వెళ్లారు, పడవ పందేలు చూశారు. వాళ్ల దగ్గర కాలం ఉంది. మన మనిషి కాలాన్ని కూడా అప్పుగా తెచ్చుకున్నాడు. ఆకలిని ఆదర్శంగా చూపించడం ఆపి, ఆ ఆకలి ఎందుకు వచ్చిందో అడగడం మొదలుపెట్టాలి.

ఆ వారం బొంబాయిలో కూడా గడిచింది, అది మరవకూడదు. పరేల్ చాల్‌లో చిన్న గదుల్లో రమాబాయి సంసారం నడిపింది. ఐదుగురు పిల్లల్లో నలుగురు పసితనంలోనే పోయారు. మిగిలింది యశ్వంత్ ఒక్కడే. లండన్‌లో ఒకరు చదవడానికి పరేల్‌లో ఒకరు పస్తులున్నారు. డి.ఎస్సీ. పట్టా మీద ఆమె పేరు లేదు కానీ ఆ వారాల ఖరీదులో ఆమె వాటా ఉంది. ఇక్కడున్న అక్కలకు ఇది కొత్త సంగతి కాదు. అన్నను ఇంజనీరింగ్‌కు పంపడానికి చెల్లెలి చదువు ఇంటర్‌తో ఆపిన ఇళ్లు మనలో ఎన్నో ఉన్నాయి.

ఇప్పుడు రూపాయి సంగతి. ఇది కాస్త లెక్కల భాగం, ఓపిక పట్టండి. 1920 ఫిబ్రవరిలో రూపాయి విలువ ఒక దశలో 2 షిల్లింగుల 10 పెన్నీల దాకా ఎగబాకింది. అంటే 34 పెన్నీలు. ప్రభుత్వం రూపాయికి 2 షిల్లింగులు, అంటే 24 పెన్నీలు అని ఖాయం చేసింది. ఆ రేటు నిలబడలేదు. 1921లో రూపాయి 16 పెన్నీలకూ, ఒక్కోసారి దానికి కిందికీ జారిపోయింది. పౌండుకు 240 పెన్నీలు. 200 పౌండ్లు కావాలనుకోండి. 34 పెన్నీల రేటులో దాదాపు 1,410 రూపాయలు చాలు. ప్రభుత్వం చెప్పిన రేటులో 2,000. 16 పెన్నీల రేటులో 3,000. లండన్‌లో గది అద్దె మారలేదు, రొట్టె ముక్క పెద్దదవలేదు. బొంబాయిలో దాచిన రూపాయి మాత్రం కరిగిపోయింది. నెలకు 450 జీతం మీద లెక్కేస్తే, ఆ 200 పౌండ్లు మూడు నెలల జీతంతో వచ్చేవి కాస్తా ఏడు నెలల జీతం దగ్గరకు వెళ్లాయి.

ఊరికే 200 అనలేదు. 1921 సెప్టెంబరులో బాబాసాహెబ్ లండన్ నుంచి షాహూ మహారాజుకు ఉత్తరం రాసి అప్పు అడిగింది 200 పౌండ్లే. మారకం విలువ పడిపోవడం వల్ల ఇబ్బందిలో ఉన్నానని రాశారు. ఆ సమయంలో ఆయన లండన్ స్కూల్‌లో చేస్తున్న పరిశోధన ఏమిటో మీకు తెలుసు. 'రూపాయి సమస్య: దాని పుట్టుక, పరిష్కారం'. రూపాయి ఎందుకు నిలకడగా ఉండదో, ఆ నిలకడలేమి ఎవరి జేబు కొడుతుందో ఎడ్విన్ కానన్ పర్యవేక్షణలో రాస్తున్న మనిషి, అదే రూపాయి దెబ్బకు రాత్రి అప్పడం కాల్చుకుని తింటున్నాడు. స్వర్ణ మారక ప్రమాణాన్ని సమర్థించిన కీన్స్‌తో ఆయన విభేదించారు. నాణెం విలువను అధికారుల చేతికి వదిలేస్తే దాని భారం పేదవాడి మీద పడుతుందన్న ఆందోళన ఆ పుస్తకం నిండా ఉంది. అది గ్రంథాలయంలో దొరికిన జ్ఞానం మాత్రమే అని నేను అనుకోను.

1922 అక్టోబరులో థీసిస్ ఇచ్చారు. పరీక్షకులు తిరగరాయమన్నారు. అప్పటికి డబ్బు అయిపోయింది. 1923 ఏప్రిల్లో బొంబాయి వచ్చేసి, అక్కడే కూర్చుని తిరగరాసి పంపారు. ఆ ఏడాది చివర్లో డి.ఎస్సీ. వచ్చింది, పుస్తకమూ వచ్చింది. పరిశోధక విద్యార్థులు ఇది గుర్తుపెట్టుకోండి. రివిజన్ అడిగితే లండన్‌లో ఇంకో ఆరు నెలలు ఉండి రాసుకునే స్తోమత ఆయనకు లేదు.

మరి ఆయన తన తర్వాతి వాళ్ల గురించి ఏం చేశారు? 1942లో వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో సభ్యుడయ్యారు. ఆ అక్టోబరులోనే వైస్రాయి లిన్‌లిత్‌గోకు ఒక వినతిపత్రం ఇచ్చారు. షెడ్యూల్డ్ కులాల విద్యార్థులు సైన్సు, సాంకేతిక చదువులు దేశంలో చదవడానికి ఏటా 2 లక్షలు, ఇంగ్లండు, యూరప్, అమెరికాల్లో చదవడానికి ఏటా 1 లక్ష రూపాయలు కేటాయించమని అందులో అడిగారు. తాను రాజుల దయ మీద, స్నేహితుడి అప్పు మీద చదివాడు. తర్వాతి తరం మాత్రం ప్రభుత్వ బడ్జెట్ పద్దు మీద చదవాలని కోరాడు. దయకీ హక్కుకీ తేడా అదే. రాజు మనసు మారితే దయ ఆగిపోతుంది. బడ్జెట్ పద్దు ఆగితే అడగడానికి మనకు సభ ఉంది, కోర్టు ఉంది, రోడ్డు ఉంది.

స్వతంత్రం వచ్చాక 1954-55లో కేంద్రం నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మొదలుపెట్టింది. ఇవాళ దానికి 125 సీట్లు. అందులో 115 షెడ్యూల్డ్ కులాలకు, 6 విముక్త, సంచార జాతులకు, 4 భూమిలేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ చేతివృత్తులవారి పిల్లలకు. దేశం మొత్తానికి ఇంతే. వయసు 35 లోపు, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు, అర్హత పరీక్షలో 60 శాతం మార్కులు, క్యూఎస్ ర్యాంకుల్లో మొదటి 500 లోపు విశ్వవిద్యాలయంలో సీటు. 30 శాతం ఆడపిల్లలకు. ఫీజు కట్టి, బ్రిటన్‌లో చదివితే బతకడానికి ఏడాదికి 9,900 పౌండ్లు ఇవ్వాలని మార్గదర్శకాలు.

ఈ 9,900ను 52 వారాలకు పంచండి. వారానికి 190 పౌండ్లు. ఇప్పుడు బ్రిటిష్ ప్రభుత్వం వైపు నుంచి చూద్దాం. లండన్‌లో చదివే విద్యార్థి వీసాకు నెలకు 1,529 పౌండ్లు చూపించాలని 2025 నవంబరు నుంచి వాళ్లు పెట్టిన నిబంధన. వారానికి లెక్కేస్తే 353. అంటే ఆ ఊళ్లో బతకడానికి కనీసం ఇంత కావాలని ఆ దేశమే చెబుతున్న మొత్తంలో మన ప్రభుత్వం ఇచ్చేది సగం కంటే కాస్త ఎక్కువ. మిగతా సగం ఎక్కడిది? రాత్రిపూట హోటల్లో గిన్నెలు కడగడం, గిడ్డంగుల్లో పెట్టెలు మోయడం, లేదంటే ఇంటి దగ్గర అమ్మ మెడలో మిగిలిన గ్రాము బంగారం. నూరేళ్ల తర్వాత కూడా మన విద్యార్థి వారం సగం ఆకలి మీదే కట్టి ఉంది.

తెలుగు రాష్ట్రాల సంగతి చూద్దాం. తెలంగాణ అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల రూపాయల దాకా, ఒకవైపు విమాన ఛార్జీ ఇస్తారు. మంచి పథకం. ఎందరో మాల, మాదిగ, ఉపకులాల పిల్లలు దాని వల్లే విమానం ఎక్కారు. కానీ రెండు విషయాలు గమనించండి. ఒకటి, అది రూపాయల్లో ఉంది. పౌండు 90 రూపాయలున్నప్పుడు 20 లక్షలంటే 22,222 పౌండ్లు. పౌండు 115 అయితే అదే 20 లక్షలు 17,391 పౌండ్లు. దాదాపు 4,800 పౌండ్లు గాలిలో కలిశాయి. ఎవరూ జీవో మార్చలేదు, ఎవరూ కోత పెట్టలేదు, అయినా కోత పడింది. 1921లో బాబాసాహెబ్ జేబు కొట్టినది ఇదే. రూపాయి పడిపోయే ప్రమాదాన్ని ప్రభుత్వం మోయాలా, ఇరవై రెండేళ్ల దళిత విద్యార్థి మోయాలా అన్నది అసలు ప్రశ్న. రెండు, డబ్బు విడతలుగా వస్తుంది. అక్కడ దిగినట్టు రుజువు చూపించాక ఒక విడత, మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపించాక ఇంకో విడత. విశ్వవిద్యాలయానికి ముందుగా కట్టాల్సిన డిపాజిట్, వీసా ఫీజు, ఏడాదికి 776 పౌండ్ల ఆరోగ్య సర్‌ఛార్జి, మొదటి నెల గది అద్దె, ఇవన్నీ దిగకముందే కట్టాలి. ఆ ఖాళీని నింపేది వడ్డీ వ్యాపారి. నూటికి మూడు రూపాయల వడ్డీ మీద మొదలైన చదువు స్వేచ్ఛగా సాగదు.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ పథకం పేరు మీదే పెద్ద గొడవ జరిగింది. 2022లో అంబేడ్కర్ పేరు తీసి జగనన్న విదేశీ విద్యా దీవెన అన్నారు. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ అంబేడ్కర్ పేరు పెట్టారు. పేరు కోసం మనం పోరాడాం, అది న్యాయమే. అయితే ఏ పేరున్నా విద్యార్థి అడిగేవి రెండే: ఉత్తరం ఎప్పుడిస్తారు, డబ్బు ఎప్పుడేస్తారు.

కేంద్రం దగ్గర కూడా ఇదే ప్రశ్న. 2025 జూలైలో, నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కు 106 మందిని ఎంపిక చేసి, 40 మందికే తాత్కాలిక మంజూరు ఉత్తరాలు ఇచ్చారు. మిగతా 66 మందికి నిధులు ఉంటే ఇస్తామన్నారు. యూరప్‌లో తరగతులు సెప్టెంబరులో మొదలవుతాయి. జూలైలో 'నిధులు ఉంటే' అన్న మాట వింటే ఏమవుతుంది? వీసా అపాయింట్‌మెంట్ ఆగుతుంది, హాస్టల్ గది పోతుంది, సీటు వచ్చే ఏటికి వాయిదా వేయమని బతిమాలాలి. ఒక దేశ బడ్జెట్‌లో 66 మంది పిల్లల చదువు ఎంత? లండన్‌లో బాబాసాహెబ్ ఉన్న కింగ్ హెన్రీస్ రోడ్ 10వ నంబరు ఇంటిని 2015లో మహారాష్ట్ర ప్రభుత్వం 30 లక్షల పౌండ్లకు పైగా పెట్టి కొన్నది. ప్రధాని వెళ్లి ప్రారంభించారు. ఆ ఇల్లు మనది కావడం నాకూ గర్వమే. ఆయన పడుకున్న గదిని కాపాడిన రాజ్యం, ఆయనలా చదవబోయేవాళ్లను గుమ్మం దగ్గర నిలబెట్టడమే అర్థం కాదు.

ఇంకో గుమ్మం ఉంది. ఏం చదవాలి అన్నది. 2022లో నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మార్గదర్శకాల్లో ఒక నిబంధన చేర్చారు. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారతదేశం మీద సామాజిక అధ్యయనాలు, వీటికి ఈ డబ్బు ఇవ్వరు. ఆలోచించండి. 1916 మేలో కొలంబియాలో బాబాసాహెబ్ చదివిన పత్రం భారతదేశంలో కులాల గురించి. ఆ ఏడాది లండన్ స్కూల్‌లో ఆయన ఎంచుకున్న తరగతుల్లో హాబ్‌హౌస్ చెప్పే సామాజిక పరిణామం ఉంది. 1921లో ఎం.ఎస్సీ.కి రాసింది బ్రిటిష్ ఇండియాలో ప్రాంతీయ ఆర్థిక వికేంద్రీకరణ గురించి. కులం గురించి ఆయన రాసిన ఆ మొదటి పత్రానికి ఇవాళ ఈ స్కాలర్‌షిప్ కింద చోటు లేదు. మన మీద ఇంగ్లిషులో, జర్మన్‌లో, ఫ్రెంచ్‌లో పుస్తకాలు వస్తాయి. ఆక్స్‌ఫర్డ్‌లో, హైడెల్‌బర్గ్‌లో మన కులాల మీద, మన దేవతల మీద, మన వలసల మీద సెమినార్లు జరుగుతాయి. మనవాళ్లు మాత్రం అక్కడ కంప్యూటర్లు చదవాలి, కులం చదవకూడదు. చదువుకున్న దళితుడు రాజ్యానికి సమస్య కాదు. తన సమాజం గురించి తానే సిద్ధాంతం చెప్పే దళితుడే సమస్య.

ఆలస్యమైన డబ్బు ఎంత పని చేస్తుందో తెలుగువాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల వదిలివెళ్లిన ఉత్తరంలో, తనకు రావాల్సిన ఏడు నెలల ఫెలోషిప్, లక్షా 75 వేల రూపాయల లెక్క ఉంది. చివరి ఉత్తరంలో కూడా లెక్క రాయాల్సి వచ్చింది. ఫెలోషిప్ మీద బతికే నాలాంటి వాళ్లందరం ఆ వాక్యాన్ని పాస్‌బుక్ చూసినప్పుడల్లా గుర్తుచేసుకుంటాం.

ఇక భన్‌పురి దగ్గరకు వస్తాను. విజయనగరం-రాయ్‌పూర్ రైలు మార్గం మీదుగా మన తాతలు, తండ్రులు పని వెతుక్కుంటూ వచ్చారు. రైల్వేలోనూ, వర్క్‌షాపులోనూ, తర్వాత మిల్లుల్లోనూ పని చేశారు. ఇక్కడ పుట్టిన పిల్లలు హిందీ, ఛత్తీస్‌గఢీ మాట్లాడతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. చదువు దగ్గరకు వచ్చేసరికి వాళ్లు ఏ రాష్ట్రం బిడ్డలు?

ఇక్కడ ఎస్సీ ధ్రువపత్రం అడిగితే 1950 ఆగస్టు 10 నాటికి మీ పూర్వీకులు ఈ ప్రాంతంలో ఉన్నట్టు రికార్డు తెమ్మంటారు. మిసల్ కాగితం కావాలంటారు. 341వ అధికరణం ప్రకారం షెడ్యూల్డ్ కులాల జాబితా రాష్ట్రాల వారీగా ఉంటుంది. ఒక రాష్ట్రం జాబితాలో ఉన్న కులం ఇంకో రాష్ట్రంలో ఉండాలని లేదు. ఉన్నా, వలస వచ్చినవాళ్లకు వర్తించదు. ఈ విషయం మీద సుప్రీంకోర్టుదాకా వెళ్లింది మన తెలుగు కుర్రాడే. మర్రి చంద్రశేఖరరావు. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయిలో పెరిగి, అక్కడి మెడికల్ కాలేజీలో షెడ్యూల్డ్ తెగ రిజర్వేషన్ అడిగాడు. 1990లో రాజ్యాంగ ధర్మాసనం కుదరదన్నది. ఒక రాష్ట్రంలో గుర్తింపు ఉన్నంత మాత్రాన ఇంకో రాష్ట్రంలో ఆ హక్కు రాదన్నది. 2018లో బీర్ సింగ్ కేసులో కూడా రాష్ట్ర ఉద్యోగాల విషయంలో కోర్టు అదే దారి పట్టింది. స్థానిక దళితుల వాటా తగ్గకూడదన్న వాదనలో బలం ఉంది. సత్నామీ తమ్ముడి సీటు నాకు అక్కర్లేదు. కానీ రాష్ట్రం దాటితే కులపత్రం మారుతుంది, కులం మారదు. ఇక్కడి ఇంటి ఓనరుకు మనం ఎవరో తెలుసు.

మరి సొంత రాష్ట్రం? ఆంధ్ర, తెలంగాణ ఓవర్సీస్ పథకాలకు అక్కడి నివాసి అయి ఉండాలి, అక్కడి తహసీల్దారు ఇచ్చిన ఆదాయపత్రం కావాలి. మన రేషన్ కార్డు ఛత్తీస్‌గఢ్‌ది. ఈ చుట్టుపక్కల పెరిగిన ఒక చెల్లెలికి యూరప్‌లో ఒక విశ్వవిద్యాలయం నుంచి పిలుపు వచ్చింది. ఇక్కడి కార్యాలయం మిసల్ తెమ్మంది. తండ్రి ఊళ్లో కార్యాలయం మీరు ఇక్కడ ఉండటం లేదు కదమ్మా అంది. తండ్రి సెలవు పెట్టి మూడుసార్లు రైలెక్కి తిరిగితే, నాలుగో నెలలో తండ్రి పత్రం ఆధారంగా కులపత్రం చేతికొచ్చింది. అప్పటికి కేంద్ర పథకం దరఖాస్తు గడువు దాటింది. ఆమె ప్రతిభకు అడ్డం పడ్డది రెండు రాష్ట్రాల మధ్య ఉన్న ఒక ఖాళీ గీత.

కాబట్టి ఇళ్లకు వెళ్లాక చేయగలిగిన పనులు చెబుతాను. వలస వెళ్లినవాళ్ల పిల్లలకు, తండ్రికి మూల రాష్ట్రం ఇచ్చిన పత్రం ఆధారంగా కులపత్రం ఇవ్వాలని కేంద్ర హోం శాఖ ఆదేశాలు 1977 నుంచీ, 1982 నుంచీ ఉన్నాయి. దాని మీద ఈ రాష్ట్రపు రిజర్వేషన్లు రావు, నిజమే. కానీ మూల రాష్ట్రం గుర్తింపు కేంద్ర పథకాలకు పనికొస్తుంది. నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ కేంద్ర పథకం. అందుకని పిల్ల పదో తరగతిలో ఉండగానే తాతగారి ఊరి కాగితం, తండ్రి కులపత్రం తీసి ఉంచండి. సీటు వచ్చాక వెతకడం మొదలుపెడితే రైలు తప్పిపోతుంది. డిగ్రీ మొదటి ఏడాదిలోనే పాస్‌పోర్టు తీయించండి. ఆడపిల్లలకు ముందు తీయించండి. డిగ్రీలో 60 శాతం అన్నది గీత, 59.5 అయితే దరఖాస్తు పెట్టనివ్వరు.

ప్రభుత్వాలను మనం అడగాల్సినవి నాలుగు. మొదటిది, ఎంపికైన ప్రతి ఒక్కరికీ తరగతులకు కనీసం మూడు నెలల ముందు మంజూరు ఉత్తరం, మొదటి విడత డబ్బు. రెండోది, రాష్ట్రాల విద్యానిధిని చదివే దేశపు కరెన్సీలో లెక్కగట్టడం, కేంద్ర భత్యాన్ని ఆయా దేశాల వీసా నిబంధనల్లోని జీవన వ్యయానికి సమానం చేయడం. మూడోది, 2022 నిబంధన రద్దు. మన చరిత్ర మనం చదువుతాం. నాలుగోది, ఇతర రాష్ట్రాల్లో స్థిరపడిన తెలుగు దళిత, ఆదివాసీ కుటుంబాల పిల్లలను, తండ్రి కులపత్రం ఆధారంగా, ఆంధ్ర, తెలంగాణ ఓవర్సీస్ పథకాలకు అర్హులుగా గుర్తించడం. కోర్టు మాట ప్రకారం మా కులం గుర్తింపు మూల రాష్ట్రంలోనే ఉంటే, బాధ్యత కూడా మూల రాష్ట్రానిదే.

చివరగా ఒక మాట. బ్రిటిష్ మ్యూజియంలో ఆయన కూర్చున్న ఆ గుండ్రటి చదువుల గది 1857లో తెరిచారు. మార్క్స్ కూర్చున్నదీ అక్కడే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎవరూ కులం అడగకుండా, లేవమనకుండా కూర్చోనిచ్చిన ఒక బల్ల ఆయనకు అక్కడ దొరికింది. గదిలో ఆకలి ఉన్నా, ఆ బల్ల వల్ల వారం నిలబడింది. రాయ్‌పూర్‌లో రాత్రీపగలూ తెరిచి ఉండే నలందా పరిసర్ ఉంది. భన్‌పురి నుంచి అక్కడికి వెళ్లాలంటే ఆటో డబ్బులు కావాలి, చీకటి పడితే ఆడపిల్లకు తోడు కావాలి. ఈ బస్తీలో ఒక గది, ఇరవై కుర్చీలు, ఫ్యాను, ఇంటర్నెట్ ఉంటే రోజుకు ఇరవై మంది పిల్లలు కూర్చుని చదువుకుంటారు. జయంతికి మనం పెట్టే డీజే, ఫ్లెక్సీల ఖర్చులో సగం పక్కన పెడితే దాని మొదటి ఏడాది అద్దె వెళ్లిపోతుంది. మిగతాది మునిసిపాలిటీని అడుగుదాం, కంపెనీలను అడుగుదాం. ఈ సభ ముగిశాక పేర్లు రాసుకోవడానికి ఒక పుస్తకం పెట్టమని నిర్వాహకులను కోరుతున్నాను. చందా ఇచ్చేవాళ్లు ఒక పేజీలో, వారానికి రెండు గంటలు వచ్చి చదువు చెప్పేవాళ్లు ఇంకో పేజీలో రాయండి. రెండో పేజీలో మొదటి పేరు నాది.

జై భీమ్.